చైనా భూలక్ష్మి

బుల్లిబాబు సర్కస్‌లో ఉన్నది ఒకే ఒక్క సింహం, దానికీ పళ్లు లేవు. అందుకని కరిచే పని జనానికే అప్పజెప్పాడు. పది పైసలకు నాలుగు ఎండిన మట్టి ఉండలు. కొనుక్కుని, తొంభై కిలోల రాతిగుండు నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డ చైనా ఆడదాని మీద విసరొచ్చు. పది అంకెలు లెక్కపెట్టేలోగా ఆమె గుండు దించేస్తే జనం గెలిచినట్టు. దించకపోతే మళ్లీ టికెట్టు కొనుక్కుని రావాల్సిందే. చైనాతో యుద్ధమై ఏళ్లు గడిచినా జనం కడుపులో మంట ఆరలేదు. ఆ మంట మీదే బుల్లిబాబు అన్నం వండుకునేవాడు.

ఆ చైనా ఆడది మన ఖాజాగూడ భూలక్ష్మి.

అరవై ఎనిమిది ఎండాకాలంలో ఆమె బుల్లిబాబు కంటబడింది. ఖాజాగూడ బండల దగ్గర మగవాళ్లంతా వల్లకాదని కూలబడ్డ రాయిని ఆమె ఒక్కతే ఎత్తి లారీలో పడేసింది. లారీ మూలిగింది గాని ఆమె మూలగలేదు. పేరుకే బుల్లి, ఆశ మాత్రం భారీ కాబట్టి బుల్లిబాబు ఆమెను అప్పటికప్పుడే వెంటబెట్టుకుపోయాడు. మొహానికి పసుపు, చెవుల దాకా లాగిన కాటుక, నడినెత్తిన ముడి, చిన్ చిన్ లీ అని ఒక పేరు. చూడటానికి చైనా, నోరు తెరిస్తే మైనా. అందుకే నోరు తెరవకూడదన్నది షరతు. ఆమె ఇంట్లో మాత్రం మదరాసులో వంటపని అని చెప్పించాడు.

"నా పేరు జెప్పవా సేటూ?" అని మొదటి రోజే అడిగింది భూలక్ష్మి.

"ఖాజాగూడ భూలక్ష్మి అంటే ఎవడొస్తాడమ్మా! మీ ఊరి పక్కన డేరా వేసిన రోజు చెప్తానులే. మైకులో, ఇంటిపేరుతో సహా. మా అమ్మ మీద ఒట్టు."

అతను ఒట్టు పెట్టాడు, ఆమె మూడేళ్లు గుండు పట్టింది.

నల్లగొండలో సోడాబుడ్డి తగిలి మోకాలిచిప్ప పగిలింది. గుంటూరులో ఎవడో మట్టి ఉండలో మేకు పెట్టి విసిరితే అది చెంపలో దిగి పంటికి తగిలి ఆగింది. పన్ను ఊడింది, గుండు ఊడలేదు. బెజవాడలో ఒకడు డేరా వెనక్కి వచ్చి, "మా తమ్ముణ్ణి చంపింది మీరేనే!" అని కర్రతో రెండు పక్కటెముకలు విరగ్గొట్టాడు. ఆమె వాడి మెడ పట్టుకుని సింహం నీళ్లతొట్టిలో ముంచి, ప్రాణం పోయే ముందు బయటికి తీసింది. వాడు నేల మీద పడి తమ్ముడి పేరు పెట్టి భోరుమన్నాడు. ఆమెకు జాలేసింది. తెలుగులో ఓదార్చే వీలు మాత్రం లేకపోయింది.

ఏ ఊళ్లోనూ పదిలోపు దించలేదు. "ఓటమెరుగని చైనా ఛాంపియన్" అని గోడలకు కాగితాలు అంటించారు. బరువు ఆమెది, పరువు చైనాది.

డెబ్బై ఒకటి వేసవిలో డేరా ఖాజాగూడ పక్కనే ఉన్న నార్సింగిలో వేశారు.

"ఇయ్యాల జెప్తవ్ గదా సేటూ?"

"పది దాకా నిలబడు. పదకొండో మాట నీ పేరే," అన్నాడు బుల్లిబాబు, ఆమె కళ్లలోకి చూడకుండా.

మూడు గంటల ఆటకి ఖాజాగూడ సగం దిగింది. మొదటి వరసలో తల్లి కిష్టమ్మ, పక్కన బండల మేస్త్రీ లింగమూర్తి. భూలక్ష్మి తెర సందులోంచి చూసింది. ఈ చెవులే తన పేరు వినాలి.

ఆ రోజు మట్టి ఉండల బుట్ట అలాగే ఉండిపోయింది. పొద్దస్తమానం బండలు కొట్టేవాళ్లు మట్టి కొనుక్కుంటారా? తలా ఒళ్లో గుప్పెడేసి కంకర ఉంది.

"ఓరి నాయనో, సరుకు ఇంటి దగ్గర్నించే తెచ్చుకున్నార్రా!" అని బుల్లిబాబు గుర్తించేసరికే ఆమె గుండు ఎత్తేసింది.

"ఒకటి!"

మొదటి రాయి కనుబొమ్మను చీల్చింది. తక్కిన ఊళ్లలో వందకి పది తగిలేవి. ఇక్కడ ఏళ్ల తరబడి సుత్తి పట్టిన చేతులు, ఒక్కటీ గురి తప్పడం లేదు. రెండుకి మోచెయ్యి. మూడుకి పెదవి. నాలుగుకి నోట్లో రెండు పళ్లు ఊడాయి. మింగేసింది, ఉమ్మడానికి తల వంచితే గుండు వంగుతుంది. పసుపు మొహం కుంకుమైంది.

"ఆరు!"

కిష్టమ్మ లేచి కొంగు బిగించింది. "మా దేశం మీదికొస్తవే ముండా!"

ఆ రాయి ఎడమ భుజం ఎముక మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు టప్పుమంది. భూలక్ష్మి కళ్లు మూసుకుంది. నోరు మాత్రం తెరవలేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"పది!"

బుల్లిబాబు మైకు దగ్గరికి వచ్చి జనాన్ని చూశాడు. ఒళ్లలో ఇంకా సగం కంకర మిగిలే ఉంది.

"చైనా ఛాంపియన్ చిన్ చిన్ లీ మళ్లీ గెలిచిందహో!"

భూలక్ష్మి గుండు దించలేదు. అలాగే నడిచి వచ్చి అతని ముందు నిలబడింది. కింద బుల్లిబాబు బట్టతల గుండు, దాని మీద తొంభై కిలోల గుండు, మధ్య జానెడు గాలి. ఆమె మొహం మీది రక్తం అతని తల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"పేరు," అంది.

"చంపేస్తారే తల్లీ నన్ను!"

"ఆళ్లు సంపుతరో లేదో నాకు తెల్వదు. నేనైతే ఇడుస్త."

"ఖాజాగూడ భూలక్ష్మి!" అని మైకులో అరిచాడు.

"ఇంటిపేరు?"

"అది... ఎప్పుడూ అడగలేదమ్మా!"

మూడేళ్ల ఒట్టు లోపల ఉన్నది అంత డొల్ల. ఆమెకు ఒక్క క్షణం నిజంగానే వదిలేయాలనిపించింది.

"పల్లపు," అంది చివరికి.

"పల్లపు భూలక్ష్మి! ఖాజాగూడ పల్లపు భూలక్ష్మండీ బాబూ!"

ఆమె గుండును పక్కకి విసిరింది. మైకు పక్కనున్న బల్ల రెండు ముక్కలైంది.

చప్పట్లు కొడతారనుకుంది. లింగమూర్తి లేచాడు.

"ఏందీ, మన భూలక్ష్మా? గీమెను సూడనీకి టికెట్ గొన్నమా? బండల కాడ రోజూ ఊకెనే సూస్తుంటిమి గదరా!"

అంతే. చైనా మీద దాచుకున్న కంకరంతా బుల్లిబాబు మీద కురిసింది. గుంజలు పీకారు. ఆ గుంజలతోనే అతని కాలు విరగ్గొట్టారు. డేరా సగం కూలింది. కోపం తీరినవాళ్లు తీరినట్టే ఇళ్లదారి పట్టారు.

కిష్టమ్మ ఒక్కతే ముందుకు వచ్చింది. చెయ్యి కూతురి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"నేనే గొట్టిన బిడ్డా."

"తెల్సవ్వా. నీ గురి నాకు తెల్వదా?"

"దవాఖానకు పోదాం పా."

"జరాగు. నువ్వు లెక్కవెట్టు."

"పిచ్చి లేసిందా? బొక్క ఇరిగిందే!"

"మూడేండ్లు ఆ చైనాదాని పేరు మీద ఎత్తిన. నా పేరు మీద ఒక్కసారి గూడ ఎత్తలే. లెక్కవెట్టు."

గుండును దొర్లించుకొచ్చి, తొడ మీదికి, ఛాతీ మీదికి, అక్కణ్ణించి కేక పెడుతూ పైకి నెట్టింది. మిగిలింది ఆరుగురు. విరిగిన బల్ల కింద మూలుగుతున్న బుల్లిబాబుతో ఏడుగురు. కిష్టమ్మ ఏడుస్తూనే లెక్కపెట్టింది. నాలుగు దగ్గర చెయ్యి వంకర తిరిగింది. ఆరు దగ్గర విరిగిన ఎముక చర్మాన్ని లోపల్నించి పొడుచుకొచ్చింది. ఏడు అనగానే గుండు జారి కాళ్ల పక్కన భూమిలో దిగబడింది, ఆమె కూలిపోయింది.

"ఏడే!" అన్నాడు లింగమూర్తి, పోబోతూ ఆగి. "చైనాది పది దాకా మోసె గదనే!"

భూలక్ష్మి రక్తం ఉమ్మి, వాయని ఒక్క కన్నుతో అతన్ని చూసింది.

"దాన్ని పిలువు మరి మేస్త్రీ. బొక్క అతుకనియ్యి, ఓడగొడ్త."