కూర్చున్న నాలుగువందల పన్నెండు మంది

"ఖాళీగానే కూర్చున్నావుగా, ఆ నీలం చొక్కా కాస్త ఇస్త్రీ చేసిపెట్టు" అన్నాడు భర్త హాల్లోంచి వెళ్తూ వెళ్తూ. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఒక పాత పెయింటింగ్, దాని పక్కన నింపాల్సిన ఏడు గడులు, కీబోర్డు మీద ఆమె వేళ్లు. ఇవేవీ అతని కంట పడలేదు, కుర్చీ ఒక్కటే పడింది. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా అతని లెక్కలో ఆమె కూర్చుందంటే పని అయిపోయినట్టే. ఆమె లేచి చొక్కా ఇస్త్రీ చేసి, హ్యాంగరుకు తగిలించి వచ్చి మళ్లీ కూర్చుంది. దీని మీద గొడవ పడటం మానేసి చాలా కాలమైంది. గొడవ పడాలన్నా ఓపిక కావాలి కదా.

పిల్ల పుట్టకముందు ఆమె గ్రంథాలయంలో పనిచేసేది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేసి, అది ఏ అరలో ఉంటే వెతికేవాళ్లకు దొరుకుతుందో తేల్చడం ఆమె ఉద్యోగం. పిల్ల పుట్టాక ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు మానేయమన్నారు. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. రెండేళ్ల క్రితం ఈ ఆన్‌లైన్ ఆర్కైవ్ కంటపడింది. జనం తమ ఇళ్లలో, బళ్లలో, గోడల మీద ఉన్న బొమ్మల్ని ఫొటో తీసి పంపిస్తారు. ఎవరు వెతికినా దొరికేలా వాటికి ట్యాగులు పెట్టే వాలంటీర్లు తొమ్మిది మంది. జీతం లేదు. ఇంట్లో చేసేదానికీ జీతం లేదు గనక ఆమెకు అది కొత్తగా అనిపించలేదు. భర్త దీన్ని "బొమ్మలకి చీటీలు అంటించడం" అంటాడు. ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా "వదిన ఇంకా బొమ్మలాడుకుంటోందా?" అని నవ్వుతుంది. ఆమె కూడా నవ్వేసేది.

ఆ ఉదయం తెర మీదున్న బొమ్మలో ఒక స్త్రీ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆర్కైవ్ నియమాల్లో ఆరోది చాలా స్పష్టంగా ఉంటుంది: మనిషి నిలబడో నడుస్తూనో ఉంటే 'పని', కూర్చుని ఉంటే 'విశ్రాంతి'. దుకాణంలో కూర్చున్నవాళ్లకు మాత్రం మినహాయింపు. నియమాలన్నీ రాసింది డ్రాయింగ్ మాస్టారు. బడిలో ముప్ఫై ఏళ్లు బొమ్మలు నేర్పి రిటైరై, ఈ ఆర్కైవ్‌ను మొదలుపెట్టిన పెద్దమనిషి. ఆమె అలవాటుగా 'స్త్రీ, కిటికీ, విశ్రాంతి' అని కొట్టేసింది. సరిగ్గా అప్పుడే కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చిన అత్తగారు, అది టేబుల్ మీదే దొరకడంతో పెట్టుకుని తెరలోకి తొంగి చూసింది.

"ఎవరీవిడ?"

"తెలీదు అత్తయ్యా. ఎవరో పంపారు. కిటికీ దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది."

"విశ్రాంతా, నీ మొహం! నూలు చుడుతుంటేను. ఎడమచేతి బొటనవేలు చూడు, దాని మీంచే కదూ దారం పోతోంది. కుడిచేతిలో ఉండ. మెడ ఎలా వంచిందో చూశావా? సాయంత్రానికి పట్టేస్తుంది పాపం."

ఆమె బొమ్మను పెద్దది చేసింది. బొటనవేలు, దాని మీదుగా వెంట్రుకంత దారం, అరచేతిలో ఉండ. ఎవరో ఓపిగ్గా గీశారు. ఇన్నేళ్లుగా ఎవరూ చూడలేదు. ఆమె వెంటనే వెతికే గడిలో 'స్త్రీ, విశ్రాంతి' అని కొట్టింది. నాలుగువందల పన్నెండు బొమ్మలు వచ్చాయి.

ఆ వారం ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కుక్కర్ పెట్టి ఒక పది, బట్టలు ఆరేసి ఒక పది, పిల్లను బస్సెక్కించి వచ్చి ఇరవై. ప్రతి బొమ్మనూ చేతుల దగ్గర పెద్దది చేసి చూసింది. ఒకావిడ ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు వలుస్తోంది. ఒకావిడ చొక్కాకు గుండీ కుడుతూ దారాన్ని పళ్లతో కొరుకుతోంది. ఇంకొకామె పిల్లకు పాలిస్తూనే రెండో చేత్తో ఊయల ఊపుతోంది. రెండు చేతులకూ రెండు పనులు, ట్యాగు మాత్రం 'విశ్రాంతి'. మంచం మీద ముసలాయన పడుకుని ఉంటే పక్కన కూర్చుని విసురుతున్న అమ్మాయి కూడా ఆయనతో సమానంగా విశ్రాంతి తీసుకుంటోందట! ఆమెకు ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్లు మంట. ముప్ఫై ఎనిమిది ట్యాగుల పక్కన తన పేరే కనబడేసరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కూర్చున్న ఆడదాన్ని తనూ అలాగే చూసిందన్నమాట. అయినా దిగులు పడే తీరిక ఎక్కడిది, ఉత్సాహం ఆమెను ముందుకు తోస్తోంది. అత్తగారు మధ్యాహ్నం కునుకు మానేసి పక్కన కుర్చీ వేసుకుంది. "ఇది గోధుమలు బాగుచేయడం. ఇది అల్లిక కాదే, అల్లింది తప్పుపోతే విప్పడం" అని చెబుతూ, మధ్యమధ్య "నా చేతులూ ఇలాగే ఉండేవి" అంది.

చివరికి నిజంగా విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లు ఇరవై తొమ్మిది మంది తేలారు. వాళ్లలో ఒకావిడ నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. ఆవిడను చూస్తే ముద్దొచ్చింది.

శుక్రవారం కొత్త నియమం రాసింది. 'ముందు చేతులు చూడండి. పెద్దవి చేసి చూడండి. అవి ఏం చేస్తున్నాయో రాయండి. మనిషి కూర్చున్నారా, నిలబడ్డారా అన్నది ఆ తర్వాత. చేతులు ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూసుకున్నాకే విశ్రాంతి అని రాయండి.' చదువుకుంటే గ్రంథాలయంలో పనిచేసిన మనిషి ఎవరో తిరిగొచ్చి పక్కన నిలబడినట్టనిపించింది. ఆదివారం అందరూ వీడియోలో కూడి ఓటేస్తారు. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఎవరడిగారు నిన్ను?" అన్నాడు భర్త. "ఆ మాస్టారు ముప్ఫై ఏళ్లు బొమ్మలు నేర్పిన మనిషి. ఆయన రాసినదాంట్లో నువ్వు తప్పులు పడతావా? పెద్దాయన కాదంటే పరువు పోయేది మనకే."

"కాదంటే మానేస్తాను" అంది ఆమె, పౌరుషం కొద్దీ.

"మాటేనా?"

"మాటే."

అనేశాక, తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. రెండేళ్లుగా రోజుకు రెండు గంటలు తనదంటూ ఉన్నది అదొక్కటే. నోటి దురుసుతో దాన్నే పందెంలో పెట్టేసింది.

ఆదివారం పదకొండింటికి తెర మీద తొమ్మిది మొహాలు వచ్చాయి. ఆమె గడగడా చెప్పేసింది. మధ్యలో అత్తగారు మంచినీళ్ల గ్లాసు జరిపింది. అందరూ విన్నారు. బ్యాంకు ఉద్యోగి అడిగాడు, "బొమ్మకి రెండు నిమిషాలు అదనంగా పడుతుంది కదండీ?" "పడుతుందండీ" అని ఒప్పుకుంది. బట్టలు కుట్టే టైలరమ్మ ఉండబట్టలేక, "పొద్దస్తమానం మిషను దగ్గర కూర్చునేదాన్ని, మరి నేనూ విశ్రాంతేనా?" అంది. ఒకరిద్దరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"మీ శ్రమను కాదనను. కానీ నియమం సులువుగా ఉండాలి" అన్నాడాయన. "మీరు ప్రతిదాంట్లోనూ పని చూస్తున్నారమ్మా. నేను గీసిన బొమ్మే తీసుకోండి. మా ఆవిడ నిజంగానే ఊరికే కూర్చుంది. ఎదురుగా నేనున్నాను కదా. దానికి పెట్టి చూడండి మీ నియమం."

ఆ బొమ్మ అందరికీ తెలుసు. ఆర్కైవ్‌లో ఎక్కువమంది చూసిన బొమ్మ అదే. కాలం చేసిన భార్య, పేముకుర్చీ, ఎండ. బొమ్మకు ఆయన పెట్టిన పేరే 'విశ్రాంతి'. ఆమె దాన్ని వారమంతా కావాలనే ముట్టుకోలేదు. ఒంటరి మనిషి జ్ఞాపకంలో చెయ్యి పెట్టడం ఎందుకని. ఇప్పుడు వేరే దారి లేదు. చేతుల దగ్గర పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. చీర కుచ్చిళ్ల మధ్య చేతులు. చేతుల్లో గుడ్డ. ఆ గుడ్డలోంచి మూడు సన్నటి పుల్లలు బయటికి వచ్చి ఉన్నాయి. గుడ్డ మీద నీలం, పసుపు, కాస్త ఎరుపు మరకలు.

అవేమిటో మాస్టారే చెప్పాడు.

"కుంచెలు. ఆ రోజు నేను వాడి పక్కన పెట్టినవే. కదలకుండా కూర్చోమన్నాను. కుంచెలు ఎండిపోతాయని తనే తీసుకుని తుడుస్తూ కూర్చుంది. నేను గీశానమ్మా... ఉన్నదున్నట్టు గీశాను. చూడలేదు."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కొంచెంసేపటికి తెర మీద ఆ బొమ్మ ట్యాగులు వాటంతటవే మారాయి. ఆయనే మారుస్తున్నాడు. 'విశ్రాంతి' పోయింది. 'కుంచెలు తుడవడం' వచ్చింది. "బొమ్మ పేరు ఉండనీయండి. అది నా తప్పు, కనబడాలి" అన్నాడు. తర్వాత చేతులెత్తమన్నాడు. తొమ్మిది చేతులూ లేచాయి. ఆమె చెయ్యి అందరికంటే ముందే లేచింది, అది చూసుకుని తనకే నవ్వొచ్చింది. సంతోషంతో అరవాలనిపించింది. అరవలేదు గానీ అత్తగారి మోకాలు గట్టిగా నొక్కింది. "అబ్బా, నా మోకాలే తల్లీ!" అంది అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ. రేపటి నుంచి మిగతా వాలంటీర్లకు ఈ పద్ధతి ఆమే నేర్పాలనీ, కొత్త నియమాల పేజీ మీద ఆమె పేరూ ఫొటో ఉండాలనీ, ఫొటో ఇప్పుడే పంపమనీ మాస్టారు చెప్పాడు.

ఆమె ఆగలేదు. మీటింగ్ ముగిసీ ముగియగానే మొదటి బొమ్మ తెరిచి, కిటికీ దగ్గరి స్త్రీకి 'నూలు చుట్టడం' అని రాసింది. అలాంటివి ఇంకా మూడువందల ఎనభై ఒకటి. భర్త గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఫొటో కావాలన్నారుగా. ఆ కీబోర్డు వదిలేసి ఇటు తిరుగు. ఊరికే అలా కూర్చో, మొహం పడితే చాలు."

ఆమె కీబోర్డు మీంచి వేళ్లు తీయలేదు.

"కొంచెం వెనక్కి జరిగి తియ్యండి" అంది. "చేతులు కూడా పడాలి."