అసలు రేడియం ఎవరిది?

వీధిలో అందరూ ఆయన్ని కోతల తాత అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. ఆయన కోతల్లో సగం, పెళ్ళిలో మామగారు పెట్టిన చేతివాచీ మీదే. చీకట్లో దాని అంకెలు పచ్చగా మెరుస్తాయి. "అసలు సిసలు రేడియం. ఒకసారి కరెంటు పోతే ఈ వెలుగులోనే వీధి వీధంతా భోజనాలు చేశారు. కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి" అనేవాడు.

ఆ కోతే కొంప ముంచింది. రేడియం ఒంటికి మంచిది కాదని ఆయన భార్య టీవీలో విన్నది. ఈవిడ వీధికంతటికీ అమ్మమ్మ. "ఇంట్లోంచి వాచీ అయినా పోవాలి, మీరైనా పోవాలి" అని తేల్చేసి, ఆస్పత్రిలో ఎక్స్‌రే గదులు పరీక్షించే మనవరాలికి కబురు పెట్టింది.

మనవరాలు ఆదివారం పొద్దున్నే ఓ మీటరుతో దిగింది. రేడియం తగిలితే అది టకటకలాడుతుందట. తాత వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. మోగితే కోత నిలబడుతుంది, వాచీ పోతుంది. మోగకపోతే వాచీ దక్కుతుంది, పరువు పోతుంది. పోతే పోయిందిలే అనుకున్నాడు. పరువు ఎటూ పెద్దగా మిగల్లేదు.

మీటరు ఉలకలేదు, పలకలేదు.

"ఇది రేడియం కాదు తాతయ్యా. వెలుగు తాగి, చీకట్లో కక్కే మామూలు రంగు."

"అందరూ రేడియమనే అంటారు గదమ్మా."

"బండ్ల వెనక స్టిక్కర్లనీ రేడియమనే అంటారు. వాటిలో రేడియం ఉంటుందా?"

"మీ నాన్న నన్ను మోసం చేశాడే" అన్నాడు తాత భార్యతో, వాచీని గబగబా చేతికి చుట్టుకుంటూ.

"మీకు అదే ఎక్కువన్నాడు మా నాన్న."

మనవరాలు నవ్వుకుంటూ, మీటరు ఆపకుండానే, సంచీ కోసం పడకగదిలోకి వెళ్ళింది. అమ్మమ్మ పడుకునే తలగడ పక్కకి చేరేసరికి మీటరు రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు మోగింది. అక్కడ ఉన్నది అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలారం గడియారం. దాని అంకెలు మట్టిరంగు తిరిగిపోయాయి.

"ఇది మెరవను కూడా మెరవదు కదే" అంది అమ్మమ్మ.

"మెరిసే మందు అలిసిపోయింది అమ్మమ్మా, రేడియం అలిసిపోలేదు. అద్దం ఊడనంతవరకూ కంగారేం లేదు. కానీ తల పక్కన వద్దు. డబ్బాలో పెట్టి మా ఆస్పత్రివాళ్ళకి అప్పగిస్తాను."

తాత మొహం వాచీకంటే ఎక్కువ మెరిసింది. ఇన్నేళ్ళూ చీకటితోనే ఆయన్ని లేపి కుళాయి దగ్గరికి తరిమింది ఆ గడియారమే.

"జాగ్రత్తగా తీసుకెళ్ళు తల్లీ. వెనక్కి మాత్రం తేకు" అన్నాడు.

మర్నాడు ఎండ మంచమెక్కేదాకా హాయిగా పడుకున్నాడు. లేచేసరికి గుమ్మంలో అమ్మమ్మ పక్కింటావిడతో అంటోంది: "అసలు రేడియం నాదేనమ్మా. ఆయనది ఉత్త బండి స్టిక్కరు. నా గడియారాన్ని చూసి ఆ మీటరు జడుసుకుని మంచం కింద దూరింది."

తాతకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఇంట్లో కోతలకి ఒక తోడు దొరికింది.

"మంచం కోళ్ళు కూశాయని కూడా చెప్పవే" అని లోపల్నుంచి అందించాడు.