చేతులున్న కోటు

ఆరో గుంట దగ్గర సంచి దించి, అచ్చెన్న రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. ధనుర్మాసపు మంచు ఇంకా నేలను వదల్లేదు. మూకండపల్లి ఫ్యాక్టరీ ఆఫీసర్లు గోల్ఫ్ ఆడుకోవడానికి చదును చేయించుకున్న రాళ్ల బయలు అది. యాభై ఏడేళ్ల అచ్చెన్న మూడేళ్లుగా అక్కడ ఆఫీసరు శ్రీరంగయ్య సారు ఆట సామాను మోస్తున్నాడు. చలికి వేళ్ల సందుల్లో చర్మం పగిలిపోయింది. కర్ర అందించినప్పుడల్లా దాని పిడికి కాస్త నెత్తురు అంటేది. దాన్ని పంచెకు తుడిచి మరీ ఇచ్చేవాడు.

శ్రీరంగయ్యది చేతుల్లేని ఉన్ని కోటు. దాని గొప్ప ఆయన రోజూ చెప్పేవాడు. "రొమ్ము వెచ్చగా ఉంటే చాలప్పా. చేతులు కట్టేసినట్టుంటే దెబ్బ యాడ పడుతుంది?" అనేవాడు. నిజమే. కర్ర తిప్పేవాడికి తిప్పడంలోనే వేడి పుడుతుంది. పక్కన నిలబడి చూసేవాడి సంగతేమిటి? ఈ ప్రశ్నను అచ్చెన్న మూడేళ్లుగా మింగుతున్నాడు. మింగినప్పుడల్లా ఒళ్లు మండేది. అదేం ఖర్మమో, ఆ మంట చేతులదాకా వచ్చేది కాదు.

ఇవాళ మింగితే కుదరదు. సంచులు మోసే ఆరుగురికీ ఫ్యాక్టరీ కోట్లు కుట్టిస్తోంది. ఎలాంటివో శ్రీరంగయ్యే తేల్చి, ఈ రోజే దర్జీ లింగప్పకు కబురు పెట్టాలి. మిగతా అయిదుగురూ పెద్దవాడివని అచ్చెన్ననే ముందుకు తోశారు. "అడగందే అమ్మయినా పెట్టదు. ఈ పొద్దన్నా నోరు తెరవల్ల" అని భార్య నంజమ్మ అంబలి పోస్తూ గట్టిగానే చెప్పింది.

శ్రీరంగయ్య కొట్టిన బంతి ఎడమకు తిరిగి రాళ్లలో పడింది.

"మీకూ ఇట్లాంటివే కుట్టించమంటాను అచ్చెన్నా. బాగుంటాయి కదప్పా?"

"మీ ఇష్టం సామీ."

అనేశాడు. పెద్దవాళ్లు ఏమడిగినా అచ్చెన్న ఇంట్లో తాతల నాటి నుంచీ అదే జవాబు. బంతి వెతుకుతున్నంతసేపూ తనను తానే తిట్టుకున్నాడు. అయిదుగురికీ ఏమని చెప్పాలి? బంతి దొరికింది. తెచ్చాడు గానీ ఇవ్వకుండా నిలబడ్డాడు.

"ఏమప్పా?"

"సామీ, మీరు కొడతారు, మీకు చలి తెలీదు. మేము ఊరికే నిలబడుకోని ఉంటాము. మాకు చేతులుండే కోటు కావల్ల. ఇది చెప్పల్లనే వచ్చినాను. నోరు రాలేదు."

శ్రీరంగయ్య అతని చేతుల వంక చూశాడు. మూడేళ్లలో అదే మొదటిసారి.

"సరే, అట్లే చెప్తాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదప్పా?" అన్నాడు విసుగ్గా.

మీరెందుకు అడగలేదని నాలుక చివరిదాకా వచ్చింది. అచ్చెన్న బంతి ఇచ్చేశాడు.

మధ్యాహ్నం హోసూరులో లింగప్ప కొలతలు తీసుకున్నాడు. టేపు మణికట్టు దగ్గర ఆపగానే అచ్చెన్న కసిరాడు.

"ఇంకా కిందికి రానీయప్పా. వేళ్లు కనపడగూడదు."

"కోటా, దుప్పటా?" అని గొణుక్కుంటూ లింగప్ప రాసుకున్నాడు.

ఇంటికి వచ్చి, సంగటి సగం తిని, రొమ్ము పట్టేసినట్టుందని అచ్చెన్న గోడవారన ఒరిగాడు. దీపాలు పెట్టే వేళకు నంజమ్మ లేపితే లేవలేదు.

పదో రోజుకు కోట్లు వచ్చాయి. అయిదుగురూ ఎవరివి వాళ్లు తొడుక్కున్నారు. ఆరోది లింగప్ప తానే తెచ్చి నంజమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని మడవబోయి, మడవలేక, గోడ మేకుకు తగిలించింది. చేతులు రెండూ కోటు అంచు దాటి కిందికి వేలాడాయి.