అరవై, ముప్పై, పది

...లేకపోతే ఆ కుర్చీ పొద్దున్నే ఎందుకు వెచ్చగా ఉంటుంది, ఎండ పడి ఉంటుంది, కిటికీ అటువైపే కదా, కానీ తెర వేసే ఉంది, తెర తీసిన గుర్తు లేదు, వేసిన గుర్తూ లేదు, పోనీ ఆఫీసుగది ఊడ్చే ఆవిడ కాసేపు కూర్చుని ఉంటుంది, కూర్చోనీ, ఆవిడ నడుము నొప్పి ఎవరికి తెలియదు గనుక, అనుకుంటూ ఆమె చేతిసంచీ బల్లమీద పెట్టి కూర్చుంది, కూర్చోగానే ఆ వెచ్చదనం వీపుకి అంటుకుంది, ఈ ఫండు నడిపిన పెద్దాయన కిందటి చలికాలం ఇదే కుర్చీలో, కళ్ళజోడు తీయకుండానే, కంప్యూటరు తెరమీద షేర్ల ధరలు చూస్తూ చూస్తూనే పోయారు, టీ తెచ్చినవాళ్ళు కూడా ఆలోచనలో ఉన్నారేమో అనుకుని కప్పు పెట్టి వెళ్ళిపోయారట, ఆయన దగ్గర పని నేర్చుకున్నది తనే కాబట్టి గదీ, కుర్చీ, ఫండూ అన్నీ ఆమెకే వచ్చాయి, కుర్చీ మార్పించుకో అని అందరూ చెప్పారు, మార్పిస్తే భయపడిందంటారని మార్పించలేదు, ఇప్పుడు రోజూ పొద్దున ఇలా వీపుతో తడిమి చూసుకోవడం ఒక పనైపోయింది.

బాలెన్స్‌డ్ ఫండు అంటే ఏముంది అమ్మాయ్ అనేవారు ఆయన, ఆమెకి జుట్టు నెరవడం మొదలయ్యాక కూడా అమ్మాయ్ అనే పిలిచేవారు, జనం మనకిచ్చిన డబ్బులో నూటికి అరవై షేర్లలో, ముప్పై బాండ్లలో, పది నగదుగా, షేర్లు పరిగెడతాయి, బాండ్లు నడుస్తాయి, నగదు గుమ్మం దగ్గర కూర్చుంటుంది, ఎవరైనా తలుపు తట్టి నా డబ్బు నాకివ్వండి అంటే వెంటనే లేచి ఇచ్చేవాడొకడు ఉండాలి కదా, అని నవ్వేవారు, ఆ నవ్వుకి ముందు గొంతు రెండుసార్లు సవరించుకునేవారు, ఇప్పుడు షేర్ల ధరలు ఎక్కుతూనే ఉన్నాయి, అరవై కాస్తా అరవై అయిదై డెబ్బైకి దగ్గరపడుతోంది, ఎవరూ ముట్టుకోకుండానే, ఆమెకి ఒళ్ళు జలదరించేది అక్కడే, ఎవరూ ఏమీ కొనలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు, నిన్న సాయంత్రం ఒకలా వదిలి వెళ్ళిన ఫండు పొద్దునకి మరోలా ఉంటుంది, పెరిగిన మేరకు షేర్లు అమ్మేసి ఆ డబ్బు బాండ్లలోకీ నగదులోకీ మళ్ళించి మళ్ళీ అరవైకి తేవాలి, సర్దేద్దాం అనేవారు పెద్దాయన, ఒక్క మాటే, కానీ డైరెక్టరు వింటేనా, ఇప్పుడెందుకమ్మా తొందర, ఎక్కుతున్నప్పుడు అమ్ముకుంటే మనల్ని చూసి నవ్వరూ, నెలాఖరు దాకా ఆగు అన్నాడు, సరే సార్ అంది, ఆ సరే సార్ గొంతులో మాత్రలా అడ్డంపడి ఇంకా దిగలేదు, మేనత్తేమో రెండు రోజులకోసారి ఫోను, బతుకంతా కుట్టుమిషను తొక్కి కూడబెట్టిందంతా ఇందులోనే పోసింది, నా డబ్బు నడుస్తోందా పరిగెడుతోందా అని అడుగుతుంది, పరిగెడుతోందత్తా అంటే సంతోషపడదు, మరీ అంత పరిగెత్తనీకే, కిందపడితే లేపడానికి నాకు మోకాళ్ళు లేవు, ఆ మోకాళ్ళ ఆపరేషనుకే కదా అది, అంటుంది.

ఫోను మోగింది, మేనత్తే అనుకుంది, కింది అంతస్తు నుంచి డీలరు, తమ ఫండు కోసం మార్కెట్లో అమ్మేదీ కొనేదీ అతనే, మేడమ్, నిన్న మీరు చెప్పినవన్నీ అమ్మేశాను, మంచి ధరే వచ్చింది, బాండ్లు కూడా తీసుకున్నాను, అన్నాడు, ఏవి చెప్పాను, ఎప్పుడు చెప్పాను, అదేంటి మేడమ్, భోజనాల వేళ ఫోను చేశారుగా, నిన్న భోజనాల వేళ, నిన్న భోజనాల వేళ ఏం చేసింది, టిఫిన్ డబ్బా తెరిచిన గుర్తు లేదు, రాత్రుళ్ళు నిద్ర పట్టక మధ్యాహ్నం ఈ కుర్చీలో కాసేపు కళ్ళు మూసిన మాట నిజం, కళ్ళు మూసింది, తెరిచింది, ఆ మధ్యన ఏమీ లేదు, చేయి సంచీలోకి వెళ్ళింది, నిన్నటి డబ్బా అందులోనే ఉంది, బరువుగా, మూత సందులోంచి పులిసిన వాసన, నేను కాదేమోనండీ అంది, మీ గొంతే మేడమ్, అనుమానం లేదు, కాకపోతే, నవ్వుతారేమో, మీరు చెప్పడం అయ్యాక నేను సరే సార్ అనేశాను, ఎందుకన్నానో నాకే తెలీదు, అన్నాడు, ఆమె ఫోను పెట్టేసి లేచింది.

అమ్మకాల ఫోన్లన్నీ రికార్డవుతాయి, ఆ రికార్డులుండే గది మెట్ల పక్కన, కిటికీ లేని గది, అక్కడుండే ఆవిడ ఏసీకి తట్టుకోలేక ఎప్పుడూ శాలువా కప్పుకునే ఉంటుంది, మీరొస్తారనుకున్నాను మేడమ్ అంది, ఎందుకు అనుకున్నారు అని అడగడానికి ధైర్యం చాలలేదు, ఆవిడ మీట నొక్కింది, ముందు ఏమీ లేదు, ఊపిరి, తర్వాత గొంతు సవరించుకోవడం, ఒకసారి, మళ్ళీ ఒకసారి, తర్వాత తన గొంతు, తనదే, కానీ తను ఇంత నింపాదిగా ఎప్పుడు మాట్లాడింది, ఏ షేర్లు ఎన్ని, ఎంతకి అమ్మాలో, ఏ బాండ్లు ఎంతకి కొనాలో, గుమ్మం దగ్గర ఎంత ఉంచాలో, నగదు అని కూడా అనలేదు, గుమ్మం దగ్గర అంది, ఒక్క తడబాటు లేదు, సర్దేద్దాం, అంది చివరికి, డీలరు గొంతు, డైరెక్టరుగారికి తెలుసా మేడమ్, మళ్ళీ ఊపిరి, చాలాసేపు, ఆ తర్వాత ఆ గొంతు, తన గొంతే, చిన్నపిల్లని లాలించినట్టు, ఆయన సంగతి తర్వాత, అమ్మాయికి నేను చెప్తాలే.

ఏ అమ్మాయి మేడమ్, అంది శాలువా ఆవిడ, ఆమె అప్పటికే బయటికి వచ్చేసింది, డీలరు మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు, మొహం పాలిపోయి, షేర్లు ఇవాళ ఇంకా ఎక్కాయి మేడమ్, డైరెక్టరు మండిపడుతున్నాడు, లైను సరిగ్గా వినపడలేదు, పొరపాటు నాదే అని చెప్పేస్తాను, నాదేముంది, నాలుగు తిట్లు తింటాను, అన్నాడు, నాలుగు తిట్లతో పోదనీ ఉద్యోగమే పోతుందనీ ఇద్దరికీ తెలుసు, అంతలో డైరెక్టరే నడవాలో ఎదురొచ్చాడు, ఎవరమ్మా అమ్మింది, ఎవరు, అన్నాడు, చెప్పొచ్చు, నేను కాదు సార్, వెళ్ళి వినండి, ఆ గొంతు సవరింపు ఎవరిదో మీకే తెలుస్తుంది, అనొచ్చు, నమ్ముతాడు, సగమైనా నమ్ముతాడు, పెద్దాయన పోయిన దగ్గర్నుంచి ఈ మనిషి ఆ గదిలో అడుగుపెట్టలేదు, గుమ్మం అవతల నిలబడే మాట్లాడతాడు, ఆయనే అమ్మారు సార్, ఆయనే వచ్చారు, నేను నిద్రపోతుంటే నా గొంతు తీసుకుని తన పని చేసుకుపోయారు, ఎంత హాయి, తనమీద ఏమీ ఉండదు, ఇకముందు కూడా ఉండదు, కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరో ఒకరు సర్దేస్తారు, అనుకుంటూ నోరు తెరిచింది, తెరిచి ఆగిపోయింది, రికార్డులో అమ్మమని చెప్పినవాటిలో ఒక బ్యాటరీల కంపెనీ షేర్లు కూడా ఉన్నాయి కదూ, ఆ కంపెనీ మార్కెట్లోకి వచ్చింది ఈ ఎండాకాలం, పెద్దాయన పోయాక, దాని పేరే ఆయన వినలేదు, కొన్నది తను, ఎంతకి కొన్నదో, ఎంత వస్తే అమ్మాలో మనసులో అనుకున్నది తను, ఇంకెవరికీ చెప్పలేదు, ఫోనులో వినపడ్డదీ ఆ ధరే, గొంతు సవరింపు ఆయనది, ఊపిరి ఆయనది, లెక్క తనది, నేనే అమ్మాను సార్ అంది, నాతో చెప్పకుండానా, చెబితే ఆగమంటారు కదా సార్, అందుకే, ధరలు ఇలాగే ఎక్కితే బోర్డు ముందు నిలబెట్టి అడుగుతారు, ఏం చెబుతావు, అన్నాడు, నిలబడతాను సార్, అంది, అతను ఆమె మొహంలోకి చూడబోయి ఆమె భుజం వెనక్కి చూశాడు, అక్కడ ఎవరో ఉన్నట్టు, చూసి గబగబా వెళ్ళిపోయాడు, డీలరు కూడా అటే చూస్తున్నాడు, ఆమె తిరిగి చూడలేదు, చూడక్కర్లేదు, ఇన్నాళ్ళూ ఆయన ఉన్నారేమోనని భయపడింది, భయపడుతూనే, ఆయన ఉంటే బాగుండునని ఆశపడింది, పెద్దాయన రాలేదు, ఏ రోజూ రాలేదు, ఇక రారు, ఆ గదిలో ఉన్నది తనొక్కతే.