వెనక్కొచ్చిన పక్షికొక రాయి

"ఫ్లాస్కు మూత సరిగ్గా బిగించావా? పోయిన వారం సంచంతా టీ చేశావు," అన్నాడు భర్త, వెనక్కి తిరక్కుండానే దిబ్బ ఎక్కుతూ.

ఆమె బిగించింది. ఫ్లాస్కు, గ్లాసులు, అందరికీ రొట్టెలు, ఆయన మఫ్లరు, ఆయన మరిచిపోతాడని తెలిసి తెచ్చిన ఆయన కళ్లజోడు, అన్నీ ఆమె భుజానే ఉన్నాయి. ఆయన భుజాన దుర్భిణి ఉంది. ఆకులు రాలే కాలంలో ప్రతి ఆదివారం ఇంతే. చలి మొదలవగానే గద్దలూ డేగలూ వెచ్చని చోటు వెతుక్కుంటూ ఈ సరస్సు దాటి పోతాయి. ఒడ్డునున్న దిబ్బ మీద కూర్చుని వాటిని లెక్కపెట్టడం ఆయనకు సరదా. ఆయన చూసి చెబితే ఆమె చేతిలోని లెక్కమిషను మీట నొక్కుతుంది. ఆ మిషనుకు కలపడమే వచ్చు, తీసివేయడం రాదు. దాటబోయి వెనక్కొచ్చేసిన పక్షిని లెక్కలోంచి తీసెయ్యాలి కాబట్టి అలాంటి ఒక్కోదానికి ఒక గులకరాయిని రేకు డబ్బాలో వెయ్యాలి. ఇది మాస్టారు పెట్టిన పద్ధతి. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఈ లెక్కకు పెద్ద. అప్పటికే వచ్చి దిబ్బ మీద కూర్చుని ఉన్నాడు.

ఎండ కాస్త ఎక్కాక ఒక డేగ వాళ్ల తల మీదుగా నీళ్లవైపు పోయింది. ఆమె మీట నొక్కింది. అది కొంతదూరం పోయి, రెక్కలు టపటపలాడించి, తిరిగి ఒడ్డుకే వచ్చేసింది.

"వేసెయ్ రాయి," అన్నాడు భర్త నవ్వుతూ. "చూశారా మాస్టారూ, అచ్చం మా ఆవిడే! ఈవిడా ఒకసారి వలసపోయింది, బస్టాండు దాకా!"

మాస్టారు మొహమాటంగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత అనుకుంది.

అది రెండేళ్ల కిందటి మాట. సరస్సు అవతలి ఊళ్లో కంటి ఆసుపత్రి వాళ్లు చూపు పరీక్షించే పని నేర్పుతారు. ఏడాది చదువు, హాస్టలు వాళ్లదే. ఆమెకు సీటొచ్చింది. పెట్టె సర్దుకుని బస్టాండులో కూర్చున్నాక అత్తగారి ఫోను: "అమ్మాయ్, గ్యాసు అయిపోయింది. కొత్త సిలిండరు పెట్టడం వీడికీ రాదు, నాకూ రాదు. మేమేం తిని చావాలి?" ఆమె ఇంటికొచ్చి సిలిండరు మార్చింది. ఎలాగూ వచ్చాను కదా అని అన్నం వండింది. వండేసరికి చీకటి పడింది, బస్సు వెళ్లిపోయింది. అంతే, అంతకంటే ఏమీ జరగలేదు. ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు మళ్లీ ఫోను చేశారు. వచ్చేదీ రానిదీ రేపటిలోగా చెప్పాలి. ఇంట్లో చెబితే భర్త వద్దనలేదు. "వెళ్లు, ఎవరు పట్టుకున్నారు? ఎలాగూ వచ్చేస్తావుగా," అన్నాడు. వద్దని ఉంటే పోట్లాడేది. ఈ మాటతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. పైగా ఆ రోజు బస్టాండులో ఫోను మోగినప్పుడు గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మరి తను సిలిండరు కోసం వచ్చిందా, సిలిండరు సాకుగా దొరికితే వచ్చిందా? కొత్త చోటంటే భయమా, ఇల్లంటే ఇష్టమా? ఎంత వెతికినా చిక్కుపడ్డ దారంలా కొస దొరకడం లేదు. తన మనసే తనకు పరాయి ఇల్లులా ఉంది.

"మాస్టారూ, అది భయపడి వచ్చేసిందంటారా, చేతగాక వచ్చేసిందంటారా?" అని అడిగింది.

"దాన్నే అడగాలమ్మాయ్," అన్నాడు మాస్టారు టీ ఊదుకుంటూ. "ఎందుకొచ్చిందో మన లెక్కలో లేదు. వచ్చిందా రాయి, పోయిందా మీట."

గులకరాయి ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. డబ్బాలో వేసింది. ఖంగుమంది. ఆమె చూపు మాత్రం డేగను వదల్లేదు. అది వాళ్ల వెనకున్న చేల మీద చుట్లు తిరుగుతోంది. ఒక్కో చుట్టుకూ కాస్త పైకి, ఇంకాస్త పైకి. చుక్కంతయ్యాక రెక్కలు చాచి, ఈసారి టపటపలాడించకుండా, నేరుగా నీళ్ల మీదికి జారింది. వణుకుతోందో లేదో అంత దూరం నుంచి తెలియడం లేదు. అవతలి గట్టు మీది మసకలో కలిసిపోయింది.

ఆమె మీట నొక్కింది.

"ఏంటది? నేను చెప్పందే నొక్కావేంటి?" అన్నాడు భర్త.

"ఇందాకటిది దాటిపోయిందండీ."

"దాన్ని తీసేశాంగా!"

"దాటింది కదయ్యా, కలపాల్సిందే," అన్నాడు మాస్టారు.

భర్త గొణుగుతూ గ్లాసు చాపాడు. ఆమె ఫ్లాస్కును ఆయన పక్కన పెట్టింది.

"సాయంత్రం సిలిండరు మార్చడం చూపిస్తాను. మీరూ అత్తయ్యగారూ ఇద్దరూ నేర్చుకోండి."

"ఇప్పుడెందుకు? మొన్ననేగా కొత్తది పెట్టావు!"

ఆమె లెక్కమిషనును ఆయన ఒళ్లో పెట్టింది.

"అది అయిపోయేసరికి నేనుండనండీ."