బొద్దింకలు ముట్టని కూర

పొద్దున్నే ఆ వంటింట్లో అడుగుపెడితే ముందు ముక్కు మూసుకోవాలి. నిన్నటి నూనె, మొన్నటి గిన్నెలు, ఎన్నాళ్లవో తెలియని నీళ్లు కలిసి కొట్టే కంపు అది. పక్కనున్న పెద్దాసుపత్రికి మూడు పూటలా భోజనం వెళ్లేది ఇక్కణ్ణించే. ఒక రోగంతో చేరినవాడు రెండు రోగాలతో ఇంటికెళ్తే ఆశ్చర్యమేముంది.

అక్కడ గిన్నెలు తోమే పిల్లకి పద్దెనిమిదేళ్లు. పురుగూ పుట్రా ఆమె మాట వింటాయి. కొందరికి ఎడమచేతివాటం ఉన్నట్టు ఈమెకిది పుట్టుకతోనే ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. ఆమెకే అసహ్యం. అద్దెకు తెచ్చుకుని చదివే నవలల్లో ఇలాంటి పిల్లలు పులులెక్కి తిరుగుతారు, డేగలతో కబుర్లు పంపుతారు. ఈమె ఖర్మకి బొద్దింకలు దొరికాయి. పిలవకపోయినా వచ్చి పాదాల చుట్టూ చేరతాయి. రోజుకి నాలుగుసార్లు సబ్బు పెట్టి కాళ్లు రుద్దుకుంటుంది.

అమ్మమ్మ మాత్రం నవ్వేది. "పోనీలేవే, నీ మాట వినేవాళ్లు కొందరైనా ఉన్నారు" అనేది. ఆ అమ్మమ్మ ఇప్పుడు తుంటి విరిగి ఆసుపత్రి నాలుగో వార్డులో పడుంది. ఎవరెవరికో చెప్పి మంచం ఇప్పించింది వంటింటి ఓనరే. ఆ మాట రోజుకోసారి గుర్తుచెయ్యకపోతే ఆయనకి తిన్నదరగదు.

ఆ రోజు తనిఖీ. ఓనరు తెల్లచొక్కా వేసుకుని, ఒంటినిండా సెంటు కొట్టుకుని దిగాడు.

"ఏమ్మాయ్, పదింటికి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. మీ చుట్టాల్ని బయటికి పంపు."

తనిఖీ రోజుల్లో ఆమె అసలు పని ఇదే. "పదండి" అంది. పొయ్యిల కిందనుంచీ గోడ పగుళ్లలోంచీ పిండి డబ్బాల వెనకనుంచీ బొద్దింకలు బిలబిలా దిగి, బారులు కట్టి వెనక గుమ్మంవైపు నడిచాయి. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. ఒక్కటి మిగిలినా తిట్లు తనకే. ఆ బారు తిన్నగా పోయి పోయి, పెద్ద డేకిసా దగ్గర ఆగి, పక్కకి మళ్లి, గోడ వెంబడి చుట్టు తిరిగి వెళ్లింది.

అందులో మధ్యాహ్నం వార్డులకి పోయే మాంసం కూర ఉంది. ఫ్రిజ్ చెడిపోయి మూడు రోజులైంది. ఆ మాంసాన్నే ఉప్పునీళ్లతో కడిగించి, వాసన తెలియకుండా కారం దండిగా వేయించాడు ఓనరు. కాలవలో పాచి, అరిగిన సబ్బు, కత్తిరించి పారేసిన గోళ్లు, ఏదైనా తినేవే ఆ బొద్దింకలు. అవే దాన్ని తప్పుకుని పోయాయి. అమ్మమ్మకా, మాంసం కూరంటే ప్రాణం. గిన్నె నాకి మరీ పంపిస్తుంది.

"ఆ కూర పంపకండి సార్. అవి దాని దగ్గరికి కూడా పోవట్లేదు."

"బొద్దింకలకి నచ్చలేదని పారబోయమంటావా?" ఓనరు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "నోరు మూసుకుని నీ పని చూసుకో. లేదా సాయంత్రానికి మీ ముసలిదాని మంచం ఖాళీ చేయిస్తాను."

విరిగిన తుంటితో అమ్మమ్మని ఎక్కడికి మోసుకుపోవాలి? అక్కడే ఉంచితే ఈ కూర తింటుంది. ఆ సెంటు వాసనకి పిల్లకి డోకొచ్చింది. ఇన్నేళ్లలో ఏ బొద్దింకని చూసినా అంత రోత పుట్టలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. నేల చూసింది, అల్మరాలు తెరిచి చూసింది. ఒక్క పురుగు లేదు. కాగితం బల్లమీద పరిచి, సంతకానికి పెన్ను తీసింది.

"రండి" అంది పిల్ల.

వెళ్లినవన్నీ తిరిగొచ్చి బల్లెక్కాయి. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. పిల్ల ఒక సబ్బుముక్క, పక్కనే గరిటెడు కూర పెట్టి "తినండి" అంది. సబ్బు కనపడకుండా మూగాయి. కూర చుట్టూ మాత్రం జానెడు బల్ల ఖాళీగా ఉండిపోయింది. "తినండి" అంది మళ్లీ, గట్టిగా. ఒక్కటీ కదల్లేదు. ఆమెకి ఊహ తెలిశాక అవి ఆమె మాట వినకపోవడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది. "ఓనరుగారూ, మీరొక చెంచా తినండి."

"నేను మాంసం ముట్టనండీ."

"ఎప్పట్నుంచి?"

ఓనరు గోడగడియారం వంక చూశాడు.

పన్నెండింటికల్లా వంటింటికి తాళం పడింది. ఆ పూట వార్డులన్నీ రొట్టె, అరటిపండుతో సరిపెట్టుకున్నాయి. మంచం సంగతి పిల్ల భయపడుతూనే చెప్పింది. "మంచం ఆసుపత్రిది, అతనిది కాదు. నువ్వు రేపట్నుంచి నా వెంట రా" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

వారం తిరక్కుండా కొత్తవాళ్ల వంట మొదలైంది. తొలిరోజే మాంసం కూర. పిల్ల మంచం పక్కన కూర్చుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. బొద్దింక అరచేతిలోకి పాకింది. మూతి ముడుచుకుంటూనే దాని ముందు కూర చుక్క వేసింది. చుక్క మాయమైంది.

"ఛీ, దాని ఎంగిలా నాకు?" అంది అమ్మమ్మ.

"అది తింది కదా. ఇక నువ్వు తిను."

అమ్మమ్మ ముఖం వికారంగా పెట్టుకునే మొత్తం తినేసింది. చివర్లో గిన్నె నాకి మరీ ఇచ్చింది.