నోట్లో పెట్టుకోని నట్టు

ఇస్రాయేలు భార్య ప్రేమలత అరచెయ్యి చాపి చూపించింది. "గింత ఉంది పుండు."

ఇమ్రాన్ చేతిలోని పానా అక్కడే ఆగిపోయింది.

"ఎప్పటి సంది వదినా?"

"ఆయనకేం తెలుస్తది ఎప్పటి సందో? నడుం కింద నిప్పు పెట్టినా తెల్వని మనిషాయె. మొన్న ఒళ్ళు తుడుస్తుంటే చూసిన. పిర్ర మీద తోలు లేదు. కర్నూలు తీస్కపోతే డాక్టరు తిట్టిండు. బండి దడదడకే గిట్లయిందట. బండన్న బంద్ చెయ్యాలె, దానికి స్ప్రింగులన్న వెయ్యాలె అన్నడు. పుండు ఎముక దాంక పోతే మనిషి దక్కడన్నడు."

గద్వాల రైల్వే గేటు దగ్గర ఇమ్రాన్ మెకానిక్ షెడ్డు. పొద్దున పదైంది. ఎండ అప్పుడే రేకుల మీద చిటపటలాడుతోంది. ప్రేమలత ఏడవలేదు. అదే ఇమ్రాన్‌కు మరీ కష్టంగా ఉంది.

"జర ఆలోచిస్త వదినా. స్ప్రింగులంటే..."

"వద్దంటవని మాకెరుకనే. మూడుసార్లు అడిగినం, మూడుసార్లు వద్దంటివి. అందుకే ఆయన పొద్దుగాలనే డీసీఎంల బండెక్కించుకొని, ఎనుక బోర్లా పండుకొని వనపర్తి పోయిండు. మీ ఉస్తాద్ బాబా భాయ్ దగ్గరికి. నీకు చెప్పకుండ పోతే నువ్వు మనసు కష్టపెట్టుకుంటవని నేనొచ్చిన. ఏమనుకోకు తమ్మీ. నీ అంత చేసినోడు మాకు లేడు."

ఆమె ఇంకా గేటు దాటకముందే ఇమ్రాన్ షెడ్డు షట్టర్ లాగేశాడు.

ఉస్తాద్ స్ప్రింగులు వేస్తాడు. వెయ్యాలంటే వెనక ఫ్రేముకు వెల్డింగ్ చేసిన ఇనుప పలక కోస్తాడు. పలక కింద ఒక బోల్టు ఉంది. ఆ బోల్టును ఉస్తాద్ ఒక్కసారి చూస్తే చాలు.

ఇమ్రాన్ బండి ఎర్రవల్లి చౌరస్తా వైపు దూసుకుపోయింది.

రెండేళ్ళ కిందట ఇస్రాయేలుకు రెండు కాళ్ళూ ఆడేవి, రెండు చక్రాల బండీ ఉండేది. వెనక హార్మోనియం కట్టుకుని గట్టు, వడ్డేపల్లి, పెద్దమందడి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ దాకా తిరిగేవాడు. ఎక్కడ ప్రార్థన కూటం పెట్టినా పాట ఇస్రాయేలుదే. సరిగ్గా రంజాన్ నెలలో, ఓ సాయంత్రం, కుదుపు ఆపే వెనక షాకప్‌లు చప్పుడు చేస్తున్నాయని బండిని షెడ్డుకు తెచ్చాడు.

బాబా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఒకటే అలవాటు. విప్పిన నట్టును నేల మీద పెట్టరు, జేబులో వెయ్యరు. పెదాల మధ్య పట్టుకుంటారు. నోట్లో ఇనుము ఉన్నంతసేపూ పని మిగిలి ఉన్నట్టే. నోరు ఖాళీ అయితేనే బండి ఇవ్వాలి. ఇమ్రాన్ పదిహేనేళ్ళుగా అట్లాగే చేశాడు.

ఆ రోజు మాత్రం చెయ్యలేదు. రోజా ఉన్నాడు. నూనె అంటిన నట్టు నోట్లో పెట్టుకుంటే ఉపవాసం చెడుతుందని భయపడ్డాడు. చొక్కా జేబులో వేశాడు.

"ఇమ్రాన్ భాయ్, గట్టుల కూటం ఉంది, జల్ది చెయ్యి," అని ఇస్రాయేలు తొందర పెట్టాడు. మసీదులో సైరన్ మోగింది.

"అయిపోయింది అన్నా, తీస్కపో."

బండి వెళ్ళిపోయింది. ఇమ్రాన్ చేతులు కడుక్కుని ఇఫ్తార్ కోసం చాప మీద వంగాడు. జేబులోంచి నట్టు జారి పళ్ళెం పక్కన పడింది.

తర్వాత జరిగింది ఇమ్రాన్ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఊరి బయట రోడ్డు మీది ఒక్కొక్క గుంతలో ఆ షాకప్ ఎట్లా జరుగుతుందో, బోల్టు మీద నుంచి ఎట్లా ఊడిపోతుందో అతనికి అప్పుడే తెలుసు. ఎప్పుడు తలుచుకున్నా ఆ సాయంత్రంలో అతను ఇంకా ఆ చాప మీదే కూర్చుని ఉంటాడు.

రెండో రోజు విరిగిన బండిని ఇతని షెడ్డుకే తెచ్చారు. ఇస్రాయేలు గట్టు రోడ్డు మీద కల్వర్టు దగ్గర పడ్డాడు, వెన్ను విరిగింది. కుక్క అడ్డం వచ్చి ఉంటుందని ఊరు అనుకుంది. ఇస్రాయేలుకు ఏమీ గుర్తులేదు. అతనూ కుక్కనే నమ్మాడు. ఎవరూ చూడకముందే ఇమ్రాన్ షాకప్ తగిలించి నట్టు బిగించాడు. బోల్టు మర చితికిపోవడం వల్ల అది సగం దాకానే ఎక్కింది.

ఆరు నెలల తర్వాత అదే బండిని మూడు చక్రాలది చేసి ఇచ్చాడు. ముందు ఒకటి, వెనక రెండు, గేర్లూ బ్రేకూ చేతికి. కూలి తీసుకోలేదు. గద్వాలంతా మెచ్చుకుంది. కానీ స్ప్రింగులు పెట్టలేదు. ఇరుసును నేరుగా ఫ్రేముకే వెల్డింగ్ చేశాడు. కదిలేది ఏదీ ఉండకూడదు, ఊడిపోయే నట్టు ఒక్కటీ ఉండకూడదు అనుకున్నాడు. ఆ చితికిన బోల్టు మీద పలక కప్పేశాడు.

రోడ్డు మీది ప్రతి రాయీ, ప్రతి గుంతా సూటిగా ఇస్రాయేలు ఎముకల్లోకి ఎక్కింది. నొప్పి తెలిసి ఉంటే అతను వారంలోనే వచ్చి అరిచేవాడు. తెలియలేదు.

బీచుపల్లి బ్రిడ్జి, పెబ్బేరు, వనపర్తి. బస్టాండు వెనక సందులోకి తిరిగేసరికి గ్రైండర్ చప్పుడు వినబడింది. ఇమ్రాన్ బండి దిగి లోపలికి నడిచాడు.

"అరె, వచ్చిండు సూడు!" ఇస్రాయేలు పాత బస్సు సీటు మీద బోర్లా పడుకుని ఉన్నాడు, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని. "ప్రేమలత చెప్పిందా? కోపం చెయ్యకు తమ్మీ. నువ్వు బండి మంచిగనే చేసినవు. నా పిర్రనే మంచిగ లేదు."

ఇమ్రాన్ నవ్వలేకపోయాడు. బాబా ఉస్తాద్ బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పలక ఊడి నేల మీద పడి ఉంది. ఉస్తాద్ కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, బొటనవేలితో బోల్టు మర మీద రాస్తున్నాడు. ఒక్క పక్కే చితికింది. పైకి చూశాడు. ఇమ్రాన్‌ను చూశాడు.

"ఏమైంది ఉస్తాద్? పనికొస్తదా ఫ్రేము?" ఇస్రాయేలు అడిగాడు.

"వస్తది. జంగు తిన్నది, తుప్పు, అంతే. బోల్టు కొత్తది వేస్తే సరిపోతది." ఉస్తాద్ లేచి, నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచాడు. "ఇమ్రాన్, ఇట్లరా బేటా."

డ్రమ్ము వెనక గొంతు బాగా తగ్గించాడు. "జంగు కాదది. నట్టు లేకుండ నడిచిన బండి. ఆ రోజు నోట్లె పెట్టుకోలేదా?"

"రోజా ఉంటిని ఉస్తాద్."

ముసలాయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "నాదే తప్పు. నోట్లె పెట్టుకొమ్మని చెప్పిన గాని, రోజా నాడు ఏం జెయ్యాల్నో చెప్పకపోతి." తుండుతో తుడుచుకున్నాడు. "జంగు అని చెప్పిన కదా. ఆ మాట మీదనే ఉంట. నువ్వూ గమ్మునుండు. స్ప్రింగులేస్త, పుండు మానుతది, ఆయన పాటలు ఆయన పాడుకుంటడు. చెప్తే కాళ్ళొస్తయా?"

సందులోకి తలుపు తెరిచే ఉంది. ఇమ్రాన్ చెయ్యాల్సిందల్లా ఏమీ చెప్పకుండా అందులోంచి బయటికి నడిచిపోవడమే. అతను తిరిగి వచ్చి సీటు పక్కన నిలబడ్డాడు.

"ఒక్కటి చెప్పు తమ్మీ," అన్నాడు ఇస్రాయేలు. "ఉస్తాద్ అంటడు, స్ప్రింగులేస్తే మెత్తగ పోతది గాని నట్లు వారానికోసారి సూసుకోవాలెనట. నువ్వేమో వద్దంటివి. నువ్వు చెప్పినట్టే చేస్త. నువ్వు వద్దంటే బండే బంద్ చేస్త. నీ కంటె ఎక్కువ నాకెవరున్నరు?"

"కుక్క రాలేదన్నా."

"ఏంది?"

"ఆ రోజు కుక్క రాలేదు. షాకప్ నట్టు నేను పెట్టలే. మర్చిపోయిన."

గ్రైండర్ అందుకోబోతున్న ఉస్తాద్ ఆగిపోయాడు. ఇస్రాయేలు తల అటు తిప్పి బండిని చూశాడు, ఉస్తాద్‌ను చూశాడు. ఉస్తాద్ నేల చూపులు చూశాడు. అది చాలింది.

"మర్చిపోయినవ్," అన్నాడు ఇస్రాయేలు. "రెండేండ్ల సంది ప్రతి కూటంల చెప్తున్న, ఆ కుక్కను క్షమించిన అని. జనం నవ్వుతరు." నిజంగానే కొంచెం నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "మర్చిపోనోడు ఎవడుంటడు తమ్మీ? ఉపాసమున్నవ్, నేను ఆగం చేస్తి. కుక్కను ఇడిచిపెట్టినోన్ని నిన్ను ఇడిచిపెట్టనా? ఇటు రా." చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి పట్టుకుంటే అయిపోయేది. ఇమ్రాన్ రెండేళ్ళుగా కోరుకున్నది ఆ చెయ్యే. కానీ అది సగం సంగతికే చాచిన చెయ్యి.

"ఇంకోటుందన్నా."

"ఇంకేంది?"

"నువ్వు పోయినంక నట్టు కిందవడ్డది. చూసిన. నువ్వు అప్పటికి ఇంకా గేటు కాడనే ఉన్నవ్. గూడ్సు బండి వస్తుందని గేటు ఏసిండ్రు. నీ హార్మోనియం కనవడ్తుండె. కేకేస్తే వినవడేది."

"ఏసినవా?"

"లేదు. చాప మీద అందరు కూసున్నరు. పొద్దంత నీళ్ళు లేవు. ఒక్క గుటక తాగి పోదామనుకున్న. తాగిన. తిన్న. గేటు లేసింది."

చాచిన చెయ్యి మెల్లగా వెనక్కు పోయింది. సందులో ఎవరో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయారు.

"ఉస్తాద్," అన్నాడు ఇస్రాయేలు, ఇమ్రాన్‌ను చూడకుండా. "స్ప్రింగులు వెయ్యి."

"వేస్త బేటా."

"నట్లు నువ్వే బిగించు. వారం వారం ఎవరన్న మన కూటమోళ్ళు సూస్తరు. గద్వాలల ఆ షెడ్డుకు ఇగ రాను." ఊపిరి తీసుకున్నాడు. "ఇమ్రాన్, ప్రేమలత ప్రతి ఆదివారం ప్రార్థనల నీ పేరు తల్సుకుంటది, ఎరుకేనా నీకు? ఆమెకు నేను చెప్ప. నా నోటితోని రాదది. నువ్వే చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టు రెండు ముక్కలు చేసి చెప్పకు. మొత్తం చెప్పు."

"అన్నా..."

"పో. జర నన్ను పక్కకు తిప్పిపో ముందు. బోర్లా పండి రెండు గంటలైంది. ఉస్తాద్‌తోని కాదు."

ఇమ్రాన్ వంగి అతని నడుం కిందా భుజం కిందా చేతులు వేసి లేపాడు. బరువే లేడు. ఇస్రాయేలు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఆ చేతులను భరించాడు.

మధ్యాహ్నం మూడింటికి ఇమ్రాన్ గద్వాలలో ఇస్రాయేలు ఇంటి ముందు బండి ఆపాడు. ప్రేమలత వాకిట్లో పుండు గుడ్డలు ఉడకబెట్టి ఆరేస్తోంది. అతన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"పోయినవా నువ్వు గూడ? నాకెరుకనే పోతవని! వేస్తనన్నడా ఉస్తాద్?"

"వేస్తుండు వదినా. సాయంత్రం దాంక అయితది."

"దేవునికి స్తోత్రం." గుడ్డ దండెం మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. అప్పుడు అతని వెనక ఖాళీ సందును చూసింది. "మరి ఆయన్ని అక్కడ్నే ఇడిచి ఒక్కనివే ఎందుకొచ్చినవ్ తమ్మీ?"

"నువ్వు కూసో వదినా," అన్నాడు ఇమ్రాన్. తను మాత్రం నిలబడే ఉన్నాడు.